చెయ్యి తెలుసు, పేరు తెలియదు: బ్యూటీషియన్ పరీక్షకి ఎలా ప్రిపేర్ అవ్వాలి

ఈ ఎపిసోడ్ కోడింగ్ గురించి కాదు, ఇంటర్వ్యూల గురించి కాదు. మన ఇళ్లలో చాలామంది అక్కలు, చెల్లెళ్లు, వదినలు చేసే పని గురించి. బ్యూటీషియన్ పని. దానికి ఒక పరీక్ష ఉంది, సర్టిఫికెట్ ఉంది. ఆ పరీక్ష అంటే భయపడి ఆగిపోయినవాళ్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్ల కోసం ఈ ఎపిసోడ్. మీరు ఆ పని చేయకపోయినా చివరిదాకా ఉండండి, ఎందుకంటే మీ ఇంట్లో ఎవరో ఒకరికి ఇది పనికొస్తుంది. ఫోన్‌లో ఫారం నింపి పెట్టేది ఎలాగూ మీరే కదా!

ముందు ఒక డౌట్ క్లియర్ చేసుకుందాం. మన దగ్గర బ్యూటీ పార్లర్ పెట్టాలంటే లైసెన్స్ కావాలా?

షాపు తీస్తే జీహెచ్ఎంసీ నుంచి ట్రేడ్ లైసెన్స్ తీసుకోవాలి. కానీ చూడండి, అది దుకాణానికి ఇచ్చే లైసెన్స్. మనిషికి కాదు. లోపల కత్తెర పట్టుకున్న మనిషికి పని వచ్చా రాదా అని ఆ కాగితం అడగదు. కిరాణా కొట్టుకి ఎలాగో పార్లర్‌కి కూడా అలాగే. అంటే మన రాష్ట్రంలో "ఈ పరీక్ష పాసైతేనే ఐబ్రోస్ చెయ్యాలి" అనే రూల్ లేదు.

అమెరికాలో సీన్ పూర్తిగా రివర్స్. అక్కడ ప్రతి రాష్ట్రానికీ సొంత రూల్స్ ఉంటాయి. టెక్సాస్ సంగతి చెప్తాను, మనవాళ్లు ఎక్కువమంది ఉన్న చోటు కాబట్టి. అక్కడ కాస్మెటాలజీ లైసెన్స్‌కి 1,000 గంటల ట్రైనింగ్ చెయ్యాలి, ఆ తర్వాత పరీక్ష. ఒకప్పుడైతే 1,500 గంటలు. ఇంకో విషయం వింటే ఆశ్చర్యపోతారు. మన గల్లీల్లో పదినిమిషాల్లో అయిపోయే త్రెడ్డింగ్ ఉంది కదా, ఒక దారం ముక్కతో చేసేది, దానికి కూడా అక్కడ 750 గంటల కోర్సు చేసి లైసెన్స్ తెచ్చుకోమన్నారు. త్రెడ్డింగ్ చేసుకునేవాళ్లు కోర్టుకెక్కారు. పటేల్ కేసు అంటారు. 2015 జూన్‌లో టెక్సాస్ సుప్రీం కోర్టు వాళ్ల వైపే తీర్పు ఇచ్చింది. ఆ 750 గంటల్లో 320 గంటల దాకా త్రెడ్డింగ్‌కి సంబంధమే లేని పాఠాలు, ఇంత భారం మోపడం అన్యాయం అని చెప్పింది.

అంటే ఒక చోట దారం పట్టుకోవడానికి 750 గంటలు. ఇంకో చోట ముఖం మీద యాసిడ్ పీల్ పెట్టినా అడిగేవాడు లేడు. రెండూ అతే. మధ్యలో మనకి కావాల్సింది ఏంటంటే, కస్టమర్ చర్మం పాడవకుండా ఉండటానికి ఎంత తెలియాలో అంత. మన పరీక్షలో అసలు సరుకు అదే.

మన దేశంలో ఈ రంగంలో కార్డు, కాగితం విలువేంటో చెప్పే కేసు ఇంకోటి ఉంది. ముంబై సినిమా ఇండస్ట్రీలో మేకప్ ఆర్టిస్టుల యూనియన్ ఆడవాళ్లకి మేకప్ ఆర్టిస్ట్ కార్డు ఇచ్చేది కాదు. ఆడవాళ్లు హెయిర్ డ్రెస్సర్‌గా మాత్రమే ఉండాలి, మేకప్ మగవాళ్లది. చారు ఖురానా అనే మేకప్ ఆర్టిస్ట్, ఆమెతో పాటు ఇంకొందరు సుప్రీం కోర్టుకి వెళ్లారు. 2014 నవంబర్ 10న కోర్టు ఆ రూల్‌ని కొట్టేసింది. చూడండి, పని వచ్చినా కార్డు లేకపోతే సెట్ లోపలికి రానివ్వలేదు. పెద్ద సెలూన్‌లో ఉద్యోగం అడిగినా, బ్యాంకులో లోన్ అడిగినా మొదట వచ్చే ప్రశ్న "సర్టిఫికెట్ ఉందా?" అనే. రూల్ పుస్తకంలో లేకపోయినా, తలుపు దగ్గర అడుగుతారు.

సరే, మన దగ్గర ఉన్న దారులేంటి?

ఒకటి, ఐటీఐ. అందులో కాస్మెటాలజీ అని ఒక ట్రేడ్ ఉంది. పదో తరగతి పాసైతే చాలు, ఒక సంవత్సరం కోర్సు. చివర్లో ఆల్ ఇండియా ట్రేడ్ టెస్ట్. పాసైతే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. దేశమంతా చెల్లుతుంది. ఇందులో గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క: ప్రాక్టికల్‌లో కనీసం 60 శాతం రావాలి, థియరీలో 33 శాతం వస్తే చాలు. ఈ రెండు నంబర్లూ రాసి పెట్టుకోండి, మళ్లీ వస్తాను.

రెండు, స్కిల్ కౌన్సిల్ దారి. బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ అని ఒకటి ఉంది. అసిస్టెంట్ బ్యూటీ థెరపిస్ట్, బ్యూటీ థెరపిస్ట్, హెయిర్ స్టైలిస్ట్ ఇలా పనులకి లెవెల్స్ పెట్టి పరీక్ష నిర్వహిస్తారు. ఇందులోనే ఆర్పీఎల్ అనే పద్ధతి ఉంది. రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్. అంటే ఏళ్ల తరబడి పని చేస్తున్నవాళ్లు మళ్లీ మొదటినుంచి కోర్సు చెయ్యక్కర్లేదు. కొద్దిరోజులు ఓరియెంటేషన్, తర్వాత బయటినుంచి వచ్చిన అసెసర్ ముందు పరీక్ష. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఇదీ ఒక భాగం.

మూడు, మన ఓల్డ్ సిటీ వాళ్లకి బాగా తెలిసిన పేరు, సెట్విన్. ఒకప్పుడు సెట్విన్ మినీ బస్సులు తిరిగేవి, మీ అమ్మానాన్నల్ని అడగండి, గుర్తుంటుంది. జంట నగరాల్లో ఉపాధి కోసం 1978లో పెట్టిన సంస్థ అది. తక్కువ ఫీజుకి బ్యూటీషియన్ కోర్సు నేర్పుతారు. పురానీ హవేలీలో సెంటర్ ఉంది. దబీర్‌పురా నుంచి ఆటో ఎక్కితే ఐదు నిమిషాలు.

దబీర్‌పురా అన్నాను కదా, ఈ ఎపిసోడ్ కోసం నేను వెళ్లింది అక్కడికే. పాత కోట గోడకి ఒకప్పుడు 13 దర్వాజాలు ఉండేవి. ఇప్పుడు మిగిలినవి రెండే, పురానాపూల్ ఒకటి, దబీర్‌పురా ఒకటి. దబీర్ అంటే పారసీలో రాతగాడు, దస్తావేజులు రాసే గుమాస్తా. ఆ దర్వాజా లోపలి గల్లీల్లో ఇప్పుడు ఇళ్లలోనే నడిచే పార్లర్లు చాలా ఉన్నాయి. బోర్డు ఉండదు, ఉన్నా చిన్నది. తలుపుకి పర్దా, "లేడీస్ ఓన్లీ". రంజాన్ నెల, పెళ్లిళ్ల సీజన్ వస్తే లోపల కూర్చోడానికి చోటుండదు.

అలాంటి ఒక పార్లర్ నడిపే ఆపాతో ఫోన్‌లోనూ, గుమ్మం దగ్గరా మాట్లాడాను. పేరు చెప్పొద్దు అన్నారు, చెప్పను. తొమ్మిదేళ్లుగా చేస్తున్నారు. పరీక్ష గురించి అడిగితే ఆవిడ అన్న మాట ఇది: "బేటా, చెయ్యి ఆగదు. పెన్ను పట్టుకుంటే ఆగిపోతది."

నేను కొన్ని ప్రశ్నలు అడిగాను. "ఎవరికైనా వ్యాక్సింగ్ చెయ్యను అని పంపించేశారా ఎప్పుడైనా?" అంటే వెంటనే చెప్పారు. "మొటిమల క్రీమ్ రాసుకునే పిల్లలకి పెట్టను. తోలు లేచి వస్తది." కరెక్ట్! నూటికి నూరు మార్కుల జవాబు. ఇప్పుడు అదే ప్రశ్న పరీక్షలో ఎలా వస్తుందో చూడండి: "రెటినాయిడ్ వాడే క్లయింట్‌కి వ్యాక్సింగ్ చేయడం కాంట్రా ఇండికేషనా?" ఆపా ఆ ప్రశ్న చూసి ఏమీ రాదనుకుంటారు. కానీ ఆవిడకి జవాబు తెలుసు. ప్రశ్నలో ఉన్న పేర్లు తెలియవు, అంతే.

అందుకే నేను చెప్పే ప్రిపరేషన్ మొత్తం ఒక్క లైన్‌లో ఉంది. పని తెలిసినవాళ్లు పేర్లు నేర్చుకోండి. వీడియోలు చూసి పేర్లు నేర్చుకున్నవాళ్లు పని చెయ్యండి. మీరు ఏ వైపు ఉన్నారో ముందు తేల్చుకోండి, ఎందుకంటే ఇద్దరి టైమ్‌టేబుల్ ఒకటి కాదు.

ఇప్పుడు పాఠాల్లోకి వెళ్దాం. తప్పకుండా రావాల్సినవి ఐదు చెప్తాను.

ఒకటి. మూడు మాటలు: శానిటైజేషన్, డిస్‌ఇన్ఫెక్షన్, స్టెరిలైజేషన్. చాలామంది మూడూ ఒకటే అనుకుంటారు. మూడు మెట్లు అనుకోండి. సబ్బుతో కడిగితే క్రిములు తగ్గుతాయి, అది మొదటి మెట్టు. కత్తెర, ట్వీజర్లు డిస్‌ఇన్ఫెక్టెంట్ ద్రవంలో డబ్బా మీద రాసినంత సేపు నానబెడితే చాలా క్రిములు చస్తాయి, అది రెండో మెట్టు. ఒక్కటి కూడా మిగలకుండా చంపేది మూడో మెట్టు. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 15 పౌండ్ల ఒత్తిడితో, 15 నుంచి 20 నిమిషాలు. మన ప్రెషర్ కుక్కర్ సూత్రమే. ఒక ట్రిక్ ప్రశ్న: నీలం లైటు వెలిగే యూవీ క్యాబినెట్ స్టెరిలైజ్ చేస్తుందా? చెయ్యదు. అప్పటికే శుభ్రం చేసిన సామాన్లు దాచుకోడానికి అది. ఇది మార్కుల కోసం మాత్రమే కాదు. హెపటైటిస్ బీ వైరస్ శరీరం బయట కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. ఒకరికి వాడిన బ్లేడు ఇంకొకరికి ఎందుకు వాడకూడదో ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

రెండు. ప్యాచ్ టెస్ట్. హెయిర్ కలర్ వేసే ముందు చెవి వెనక గానీ, మోచేతి మడత దగ్గర గానీ కొంచెం రాసి 24 నుంచి 48 గంటలు చూడాలి. ఎందుకు? చాలా రంగుల్లో పీపీడీ అనే కెమికల్ ఉంటుంది. కొందరికి అది పడదు. దురద, వాపు, పొక్కులు వస్తాయి. చార్మినార్ చుట్టుపక్కల పండగ రోజుల్లో "నల్ల మెహందీ, పది నిమిషాల్లో రంగు" అని కోన్లు అమ్ముతారు చూడండి. ఆకు మెహందీ ఎప్పుడూ పది నిమిషాల్లో నల్లగా పండదు. అంత తొందరగా నల్లబడుతోందంటే అందులో పీపీడీ కలిసి ఉండొచ్చు. ఇంకోటి, హెయిర్ డై డబ్బా తీసుకుని వార్నింగ్ చదవండి. కనుబొమ్మలకి, రెప్పలకి వాడొద్దు, చూపు పోవచ్చు అని ఉంటుంది. ఐబ్రోస్ నల్లగా కావాలని కస్టమర్ ఎంత బతిమాలినా మీ జవాబు ఆ డబ్బా మీదే ఉంది.

మూడు. కాంట్రా ఇండికేషన్. పెద్ద పదం, చిన్న అర్థం: "ఈ మనిషికి ఈ పని ఈరోజు చెయ్యకూడదు." తామర ఉందా, కళ్ల కలక ఉందా, పెదవి మీద జ్వరం పొక్కులు ఉన్నాయా, చర్మం తెగి ఉందా. వచ్చిన మనిషి ఏ మందులు వాడుతున్నారు. ట్రెటినాయిన్, అడాపలిన్ లాంటి క్రీములు వాడితే చర్మం పలచబడి వ్యాక్స్‌తో పాటు లేచి వస్తుంది. మొటిమలకి ఐసోట్రెటినాయిన్ మాత్రలు వేసుకున్నవాళ్లని అయితే ఆపేశాక కూడా ఆరు నెలల దాకా ఆగమంటారు. తెల్లబడాలని మెడికల్ షాపులో స్టెరాయిడ్ క్రీమ్ కొని నెలల తరబడి రాసుకునేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. వాళ్ల చర్మం కూడా అంతే పలచన. అందుకే పని మొదలుపెట్టే ముందు అడగాలి, రాసుకోవాలి. దాన్నే పరీక్షలో క్లయింట్ కన్సల్టేషన్ అంటారు.

నాలుగు. చర్మం, జుట్టు. ఇది థియరీలో పక్కా. పై చర్మం ఎపిడెర్మిస్, దానికింద డెర్మిస్. ఎపిడెర్మిస్‌లో ఐదు పొరలు. అందులో లూసిడమ్ అనే పొర అరచేతులు, అరికాళ్లలోనే ఉంటుంది, అక్కడ చర్మం మందం. కొత్త కణం కింద పుట్టి పైకొచ్చి రాలిపోడానికి సుమారు 28 రోజులు. నెలకోసారి ఫేషియల్ అనే లెక్క ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమైందా? జుట్టుకి మూడు దశలు: పెరిగేది అనాజెన్, ఆగేది క్యాటాజెన్, రాలేది టెలోజెన్. అన్ని వెంట్రుకలూ ఒకే దశలో ఉండవు. అందుకే ఇవాళ వ్యాక్స్ చేసినా వారం తిరక్కుండానే కొన్ని కనిపిస్తాయి. కస్టమర్ "సరిగా చెయ్యలేదు" అని గొడవ పెట్టుకుంటే ఇదే చెప్పండి.

ఐదు. వాల్యూమ్ లెక్కలు. డెవలపర్ బాటిల్ మీద 10, 20, 30, 40 అని ఉంటుంది. అది హైడ్రోజన్ పెరాక్సైడ్ బలం. 10 వాల్యూమ్ అంటే 3 శాతం. అక్కడినుంచి మూడేసి కలుపుకుంటూ పోండి: 20కి 6, 30కి 9, 40కి 12. ఒక్కసారి గుర్తుంటే జీవితాంతం మర్చిపోరు.

ఇక ప్రాక్టికల్. ఇందాక చెప్పిన నంబర్లు గుర్తున్నాయా, 60, 33? పని తెలిసినవాళ్లు 33 చూసి భయపడతారు. కానీ 60 దగ్గర కూడా జాగ్రత్తగా ఉండాలి. ఎందుకంటే ఇంట్లో రోజూ చేసే అలవాట్లు అసెసర్ ముందు కూడా బయటికొస్తాయి. ఐబ్రోస్ ఎంత అందంగా వచ్చాయి అనేది ఒక భాగం మాత్రమే. చేతులు కడుక్కున్నారా? కస్టమర్‌ని చర్మం లాగి పట్టుకోమన్నారా? చేసే ముందు, చేశాక యాంటీసెప్టిక్ రాశారా? దారం నోట్లో పెట్టుకున్నారా? మన దగ్గర ఎక్కువమంది దారం పళ్లతో పట్టుకునే నేర్చుకున్నారు. మెడకి కట్టుకుని చేసే పద్ధతి ఉంది, చేతులతోనే చేసే పద్ధతి ఉంది. ఇప్పటినుంచే మార్చండి, చెయ్యి అలవాటు పడటానికి టైమ్ పడుతుంది. వ్యాక్సింగ్‌లో అయితే ముందు మీ మణికట్టు మీద వేడి చూసుకోండి. వెంట్రుక పెరిగే వైపు పుయ్యండి, దానికి ఎదురుగా లాగండి. పైకి ఎత్తి కాదు, చర్మానికి ఆనించినట్టే లాగాలి. ఒకసారి ఒంటికి తగిలిన పుల్లని మళ్లీ వ్యాక్స్ డబ్బాలో ముంచితే మార్కులు పోయినట్టే.

నెల రోజుల ప్లాన్ ఇదీ. పని తెలిసినవాళ్లు రోజుకి ఐదు పేర్లు చాలు. ఒక చిన్న నోట్‌బుక్. ఎడమ పక్క మీరు ఇంట్లో అనే మాట, కుడి పక్క పుస్తకంలో ఉన్న మాట. "తోలు లేస్తది" పక్కన "స్కిన్ లిఫ్టింగ్". ఉర్దూలో రాసుకుంటారా, తెలుగులో రాసుకుంటారా, మీ ఇష్టం. నెలకి 150 పేర్లు అవుతాయి. తర్వాత నిజం కస్టమర్‌కి చేస్తూ, ఏం చేస్తున్నారో ఎందుకు చేస్తున్నారో పైకి చెప్పండి. "ఇప్పుడు యాంటీసెప్టిక్ రాస్తున్నాను, ఎందుకంటే..." మొదటి రెండు రోజులు నవ్వొస్తుంది. అసెసర్ ప్రశ్న అడిగినప్పుడు మాత్రం నోరు తడబడదు. పరీక్ష ఏ భాషలో రాయొచ్చో ఫారం నింపేటప్పుడే అడిగి తెలుసుకోండి, హాల్‌లోకి వెళ్లాక కాదు. ఐటీఐ థియరీ కంప్యూటర్ మీద ఉంటుంది. మౌస్ పట్టుకోని ఆపాకి, వదినకి మీరు ఒక గంట కూర్చుని నేర్పండి. అది మీ హోంవర్క్.

కొత్తగా నేర్చుకునేవాళ్లు దీనికి రివర్స్. వీడియోలు తగ్గించి, ఇంట్లో ఒప్పుకున్న ప్రతి మనిషి మీదా త్రెడ్డింగ్ ప్రాక్టీస్ చెయ్యండి. మొదట కాలి మీద, చేతి మీద. కనుబొమ్మ దగ్గరికి చివర్లో రండి.

ఇప్పుడు డబ్బు సంగతి. "గవర్నమెంట్ రికగ్నైజ్డ్ డిప్లొమా" అని ఫ్లెక్సీ కట్టి వేలకి వేలు తీసుకునే చోట్లు ఉన్నాయి. బంగారం కుదువ పెట్టి ఫీజు కట్టేవాళ్లు ఉన్నారు. కట్టే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. సర్టిఫికెట్ ఇచ్చేది ఎవరు, మీ ఇన్‌స్టిట్యూటా, ఎన్సీవీఈటీ గుర్తింపు ఉన్న సంస్థా? పరీక్ష పెట్టేది మీ టీచరేనా, బయటి అసెసరా? సర్టిఫికెట్ మీద క్యూఆర్ కోడ్ ఉంటుందా, స్కాన్ చేస్తే ఏ వెబ్‌సైట్ తెరుచుకుంటుంది? పోయినసారి పాసైన ఒకరి సర్టిఫికెట్ చూపిస్తారా? ఈ నాలుగింటికీ సూటిగా జవాబు రాకపోతే పర్సు తియ్యకండి. ప్రైవేట్‌లో పని బాగా నేర్పేవాళ్లు ఉన్నారు, నేర్చుకోండి. కానీ పనికి కట్టే ఫీజు వేరు, కాగితానికి కట్టే ఫీజు వేరు.

చివరిగా ఒక హెచ్చరిక. కాస్మెటాలజీ సర్టిఫికెట్ వచ్చిందని డాక్టర్ అయిపోరు. బొటాక్స్, ఫిల్లర్స్, సూది గుచ్చే ఏ పనైనా డాక్టర్లది. ఎవరైనా మూడు రోజుల్లో నేర్పుతామంటే దండం పెట్టి వచ్చేయండి.

మన దగ్గర ఈ పనికి లైసెన్స్ తప్పనిసరి కాదు. సాఫ్ట్‌వేర్‌కీ కాదు, నన్ను ఎవరూ లైసెన్స్ అడగలేదు. కానీ నా కోడ్‌లో బగ్ వస్తే స్క్రీన్ మీద ఎర్ర లైను వస్తుంది. పార్లర్‌లో వస్తే ఒకమ్మాయి ముఖం మీద వస్తుంది, అదీ పెళ్లికి రెండు రోజుల ముందు. ఎవరూ అడగని చోట కూడా నేర్చుకుని పని చేసే మనిషికి ఆ గల్లీలో ఒక పేరు వస్తుంది. ఆ పేరుకి ఒక కాగితం కూడా తోడైతే గల్లీ దాటి వెళ్లొచ్చు.

మీకు తెలిసిన ఆపాకి, అక్కకి ఈ ఎపిసోడ్ వాట్సాప్‌లో పంపండి. చదవడం కష్టమైతే మీరే చదివి వినిపించండి. ఆ నోట్‌బుక్‌లో మొదటి ఐదు పేర్లు ఇవాళే రాయించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.